గింజ నూనెను నీళ్లలో తేటగా నిలబెట్టడం: తినదగ్గ మైక్రోఎమల్షన్‌కు సమగ్ర మార్గదర్శి

బల్ల మీద రెండు గాజు సీసాలు ఉన్నాయనుకోండి. రెండింటిలోనూ అదే అవిసె నూనె, అవే నీళ్లు. ఒకటి పాలలా తెల్లగా ఉంటుంది, కొన్నాళ్లకు పైన మీగడ కడుతుంది. రెండోదాని వెనక అచ్చు కాగితం పెడితే అక్షరాలు చదువుకోవచ్చు. నెలలు గడిచినా అలాగే ఉంటుంది. ఈ రెండోదే మైక్రోఎమల్షన్. చూడగానే ఎవరికైనా ముచ్చటేస్తుంది, నాకూ వేసింది. ఆ ముచ్చటలో పడి, సీసాలో నూనె అసలెంత ఉంది, దాన్ని నిలబెట్టడానికి ఇంకేం ఎంత పోశాను అని లెక్క చూసుకోలేదు. చూసుకున్న రోజు చేసిన పనంతా పక్కన పెట్టాల్సి వచ్చింది. అందుకే ఇక్కడ మొదటి మెట్టు కాగితం, కలంతో మొదలవుతుంది. బీకర్ తర్వాత.

ముందు పేరు సంగతి. 'మైక్రో' అన్నారు కదా అని నూనె బిందువులు మైక్రాన్ సైజులో ఉంటాయనుకోకండి. దాదాపు 5 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉంటాయి. మన కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. అంతకంటే బాగా చిన్న బిందువులు వెలుగును పెద్దగా చెదరగొట్టవు, అందుకే ద్రవం తేటగా కనిపిస్తుంది. హోర్, షుల్మన్ అనే ఇద్దరు 1943లో ఇలాంటి పారదర్శక మిశ్రమాల గురించి రాశారు. ఈ పేరు మాత్రం 1959లో షుల్మన్ బృందం పెట్టింది. నానోఎమల్షన్ అన్న మాట వాడుకలోకి వచ్చింది ఆ తర్వాతే, అందుకే పేర్లు ఇలా తలకిందులుగా కుదిరాయి.

ఈ రెంటికీ అసలు తేడా సైజులో లేదు. నానోఎమల్షన్‌ను హైప్రెషర్ హోమోజెనైజర్‌తోనో అల్ట్రాసౌండ్‌తోనో బలవంతంగా చేస్తాం. అందులోని బిందువులు ఏదో ఒకరోజు మళ్లీ ఒకటైపోతాయి, ఆ రోజును మనం వాయిదా వేస్తుంటాం, అంతే. మైక్రోఎమల్షన్ సరైన పాళ్లు పడితే మెల్లగా కలిపినా తనంతట తాను ఏర్పడుతుంది. పాళ్లు, ఉష్ణోగ్రత మారనంత వరకు విడిపోవాల్సిన అవసరం దానికి లేదు. ఈ సుఖానికి మనం చెల్లించే మూల్యం సర్ఫాక్టెంట్. అంటే ఒక కొస నీళ్లను, ఇంకో కొస నూనెను పట్టుకునే పదార్థం. అది చాలా కావాలి.

ఎందుకంత? ఒక గ్రాము నూనెను 20 నానోమీటర్ల బిందువులుగా విడగొడితే వాటి పైతలం అంతా కలిపి దాదాపు 325 చదరపు మీటర్లు అవుతుంది. డబుల్స్ ఆడే టెన్నిస్ కోర్టు 261 చదరపు మీటర్లు. అదే గ్రాము నూనె ఒక మైక్రాన్ బిందువులుగా ఉంటే ఆరేడు చదరపు మీటర్లే. గోడ పెద్దదయ్యే కొద్దీ రంగు డబ్బాలు ఎక్కువ పట్టినట్టే ఇదీనూ.

మెట్టు 1: మోతాదు నుంచి వెనక్కి లెక్క

ఆహారంలో వాడే సర్ఫాక్టెంట్లలో మైక్రోఎమల్షన్‌కు ఎక్కువ మంది పట్టుకునేది పాలిసార్బేట్ 80, అంటే ట్వీన్ 80. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల కమిటీ పాలిసార్బేట్లన్నింటికీ కలిపి రోజుకు కిలో శరీర బరువుకు 25 మిల్లీగ్రాముల వరకు ఫర్వాలేదంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో మళ్లీ పరిశీలించి అదే అంకె ఇచ్చింది. 60 కిలోల మనిషికి రోజుకు 1500 మిల్లీగ్రాములు.

గింజ నూనెను తేటగా నిలబెట్టడానికి ఒక పాలు నూనెకు తొమ్మిది పాళ్ల ట్వీన్ పట్టిందనుకుందాం. ఇది అతిశయోక్తి కాదు, మొదటి ప్రయత్నాల్లో మామూలుగా ఎదురయ్యే నిష్పత్తే. అప్పుడు 1500 మిల్లీగ్రాముల ట్వీన్ మోసే నూనె సుమారు 167 మిల్లీగ్రాములు. ఒక టీస్పూన్ నూనె దాదాపు 4.5 గ్రాములు. దాన్ని తేటగా తాగించాలంటే 40 గ్రాముల ట్వీన్ పోయాలి, పరిమితికి 27 రెట్లు. అవిసె నూనెలో ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, అంటే గింజల్లో దొరికే ఒమేగా-3, 55 శాతం ఉందనుకుంటే, ఆ 167 మిల్లీగ్రాముల్లో వచ్చేది 92 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు సరిపడే మోతాదుగా అమెరికా పోషకాహార నిపుణులు చెప్పేది రోజుకు 1.1 నుంచి 1.6 గ్రాములు. ఎక్కడా పొంతన లేదు.

కాబట్టి మీ ఉద్దేశం ఒమేగా-3ని గ్రాముల్లో అందించడమైతే ఈ దారి మీది కాదు. మామూలు ఎమల్షనో నానోఎమల్షనో చేసుకోండి, తెల్లగా ఉంటే ఉండనివ్వండి. మైక్రోఎమల్షన్ నప్పేది మిల్లీగ్రాముల్లోనో మైక్రోగ్రాముల్లోనో పనిచేసే వాటికి. నల్ల జీలకర్ర నూనెలోని థైమోక్వినోన్, నువ్వుల నూనెలోని సెసమిన్, టోకోఫెరాల్స్ (విటమిన్ ఇ రకాలు) లాంటివి. లేదంటే నూనెను బండిగా వాడి అందులో వేరే పదార్థాన్ని కరిగించి పంపడం. రోజుకు 15 మైక్రోగ్రాముల విటమిన్ డి ఇవ్వాలంటే 100 మిల్లీగ్రాముల నూనె ఎక్కువే.

లెక్క కట్టేటప్పుడు ఆ 1500లో సగం మాత్రమే మీదనుకోండి. ఆ మనిషి అదే రోజు తినే కేకులోనూ ఐస్‌క్రీమ్‌లోనూ పాలిసార్బేట్ ఉండొచ్చు. పిల్లల కోసమైతే వాళ్ల బరువుతో మళ్లీ లెక్క కట్టాలి. పైగా ఏ రకం ఆహారంలో ఎంత వాడొచ్చో ప్రతి దేశానికీ విడిగా నిబంధన ఉంటుంది, అది చూడకుండా ముందుకు వెళ్లొద్దు.

మెట్టు 2: నూనెను ఎంచడం, పరీక్షించడం

గింజ నూనెలన్నీ దాదాపుగా ట్రైగ్లిజరైడ్లే. ఒక్కో అణువు భారం 870, 880 దగ్గర ఉంటుంది, మూడు పొడవాటి తోకలు. సర్ఫాక్టెంట్ తోకల మధ్యకు దూరాలంటే అంత భారీ అణువుకు చోటు చాలదు. నారింజ తొక్క నూనెలోని లిమోనిన్ లాంటి చిన్న అణువులు సులువుగా దూరిపోతాయి. సుగంధ నూనెతో అద్భుతంగా వచ్చిన పాళ్లు గింజ నూనెతో పాలలా విరిగిపోవడానికి కారణం ఇదే. సుగంధ నూనెల పాళ్లను నేరుగా ఇటు తెచ్చుకోకండి.

నూనె రాగానే మూడు విషయాలు చూస్తాను. ఒకటి పెరాక్సైడ్ విలువ, అంటే నూనె ముక్కిపోవడం ఎంతవరకు మొదలైందో చెప్పే అంకె. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం శుద్ధి చేసిన నూనెకు కిలోకు 10, కోల్డ్ ప్రెస్ నూనెకు 15 మిల్లీ ఈక్వివలెంట్లు గరిష్ఠం. మైక్రోఎమల్షన్‌కు 5 దాటితే నేను వెనక్కి పంపేస్తాను. ఆ 325 చదరపు మీటర్ల తలం మీద ముక్కిపోవడం ఎంత వేగంగా సాగుతుందో తర్వాత చెప్తాను. రెండోది చల్లదనం పరీక్ష. కోల్డ్ ప్రెస్ నూనెలో మైనం, జిగురు ఉంటాయి. ఒక రాత్రి 4 డిగ్రీల దగ్గర ఉంచి, అడుగున మబ్బులా పేరుకుంటే చల్లగా ఉండగానే వడకట్టాలి. లేకపోతే ఆ మబ్బు తర్వాత మీ సీసాలో తేలి, తప్పు సర్ఫాక్టెంట్‌దేమోనని వారం రోజులు తల పట్టుకుంటారు.

మూడోది ఆమ్ల విలువ, అంటే నూనె విరిగి విడిపోయిన ఆమ్లాలు ఎన్ని ఉన్నాయో చెప్పే అంకె. ఇందులో ఒక తమాషా ఉంది. కాస్త పాడైన నూనె మైక్రోఎమల్షన్‌లోకి ఇంకా సులువుగా వెళ్తుంది. ట్రైగ్లిజరైడ్ విరిగి వచ్చిన ఫ్యాటీ ఆమ్లాలు, మోనోగ్లిజరైడ్లు సర్ఫాక్టెంట్‌కు సాయం చేస్తాయి కాబట్టి. పాత డబ్బా అడుగు నూనెతో చక్కగా తేటపడిందని సంబరపడి, కొత్త డబ్బా తెరిస్తే అదే పాళ్లు తెల్లబడతాయి. ఆమ్ల విలువ రాసిపెట్టుకోని వాళ్లకు ఇది మిస్టరీగానే మిగిలిపోతుంది.

మెట్టు 3: సర్ఫాక్టెంట్, దానికి తోడు

సర్ఫాక్టెంట్ నీళ్లవైపు మొగ్గుతుందా నూనెవైపు మొగ్గుతుందా అని చెప్పడానికి గ్రిఫిన్ 1949లో హెచ్‌ఎల్‌బీ అనే అంకెల పద్ధతి పెట్టాడు. అంకె పెద్దదైతే నీళ్లవైపు, చిన్నదైతే నూనెవైపు. ట్వీన్ 20 కి 16.7, ట్వీన్ 80 కి 15, స్పాన్ 80 కి 4.3. రెండు కలిపితే బరువు పాళ్ల ప్రకారం సగటు వస్తుంది. 80 పాళ్ల ట్వీన్ 80, 20 పాళ్ల స్పాన్ 80 కలిపితే 12.9. నీళ్లలో నూనె బిందువులు కావాలంటే 12 పైన వెతకడం మొదలుపెట్టండి. ఈ అంకె దారి చూపిస్తుందే గానీ తీర్పు చెప్పదు. ఒకే అంకె ఉన్న రెండు సర్ఫాక్టెంట్లలో ఒకటి తేటగా, ఇంకొకటి తెల్లగా రావడం మామూలే.

ట్వీన్ 80 తోక ఒలీయిక్ ఆమ్లానిది కాబట్టి గింజ నూనెలకు అదే నా మొదటి ఎంపిక. చేదుగా, సబ్బు రుచిగా ఉంటుంది, అది దాని లోపం. సుక్రోజ్ ఎస్టర్లు రుచికి మెరుగు, వేడికి అంతగా చలించవు, కానీ పుల్లటి పానీయంలో వాటిని నమ్మలేం. లెసిథిన్ పేరు చూడగానే అందరికీ నచ్చుతుంది. చిక్కేమిటంటే దానికి రెండు లావుపాటి తోకలు, అందుకని బిందువు చుట్టూ వంగకుండా పలకల్లా పరుచుకుంటుంది. ఆల్కహాల్ తోడు లేకుండా లెసిథిన్‌తో నీళ్లలో నూనె మైక్రోఎమల్షన్ చేయాలని చూస్తే ఓపిక నశిస్తుంది. ఏది వాడినా ఆహార గ్రేడ్ కొనండి. ల్యాబ్ గ్రేడ్ శుద్ధంగా ఉన్నా తినడానికి ధ్రువీకరించింది కాదు.

తోడు అంటే కో-సర్ఫాక్టెంట్. ఇథనాల్, ప్రొపిలీన్ గ్లైకాల్ ఎక్కువగా వాడతారు. ఇవి సర్ఫాక్టెంట్ పొరను మెత్తబరుస్తాయి, జెల్ కట్టకుండా చూస్తాయి. ఇథనాల్ బాగా పనిచేస్తుంది గానీ ఆవిరైపోతుంది, లేబుల్ మీద రాయాలి, పిల్లలకు పనికిరాదు. ప్రొపిలీన్ గ్లైకాల్‌కు కూడా రోజు పరిమితి కిలోకు 25 మిల్లీగ్రాములే.

గ్లిజరాల్ విషయంలో ఒక జాగ్రత్త. గ్లిజరాల్‌దీ గింజ నూనెదీ వక్రీభవన గుణకం, అంటే వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె, రెండూ 1.47 దగ్గరే. గ్లిజరాల్ దండిగా పోసినా, చక్కెర పాకం చిక్కగా ఉన్నా, లోపల పెద్ద పెద్ద బిందువులున్న మామూలు ఎమల్షన్ కూడా తేటగా కనిపిస్తుంది. కన్ను పూర్తిగా మోసపోతుంది. దాన్ని నీళ్లతో పలచన చేస్తే ఒక్కసారిగా తెల్లబడుతుంది.

ఇక గింజ నూనెకు దారి తీసే చిన్న నూనె. జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయంలో నిసిమ్ గార్టి బృందం లిమోనిన్, ఇథనాల్, ట్వీన్ 60, ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపి, మొదటి చుక్క నుంచి నిండా నీళ్లదాకా ఎక్కడా విరగకుండా పలచన చేయగల మైక్రోఎమల్షన్లను 2000ల మొదట్లో చూపించింది. అందులోంచి మనం తీసుకోవాల్సిన పాఠం: నూనె భాగంలో కొంత చిన్న అణువులతో నింపితే మిగతాదానికి చోటు దొరుకుతుంది. లిమోనిన్ వాసన పడకపోతే మధ్యస్థ గొలుసు ట్రైగ్లిజరైడ్లు, అంటే ఎంసీటీ, వాడుకోవచ్చు. ప్రభావం లిమోనిన్ అంత ఉండదు.

మెట్టు 4: సామాను

0.01 గ్రాము, వీలైతే 0.001 గ్రాము చూపే త్రాసు, మూత బిగుసుకునే 20 మిల్లీలీటర్ల గాజు వయల్స్, ఒక మిల్లీలీటరు సిరంజిలు, వాటర్ బాత్, మాగ్నెటిక్ స్టిర్రర్. వీటికి తోడు సగం నలుపు సగం తెలుపు ఉన్న అట్ట, రెండు పోలరైజర్ షీట్లు (వెలుగును ఒకే దిశలో కంపించేలా వడగట్టేవి), ఒక లేజర్ పాయింటర్. అంతా తూకంతోనే చేయండి, కొలతతో వద్దు. ట్వీన్ తేనెలా చిక్కగా ఉంటుంది, పైపెట్ గోడకు అంటుకుని ప్రతిసారీ ఎంతో కొంత ఎగవేస్తుంది.

మెట్టు 5: త్రిభుజం పటం గీయడం

ఓపిక మొత్తం ఇక్కడ పెట్టాలి. ఏ పాళ్ల దగ్గర తేట, ఏ పాళ్ల దగ్గర తెలుపు అన్నది ఎవరూ ముందే చెప్పలేరు. మీ నూనెతో, మీ సర్ఫాక్టెంట్‌తో మీరే వెతుక్కోవాలి. నూనె ఒక మూల, నీళ్లు ఒక మూల, సర్ఫాక్టెంట్‌నూ దాని తోడునూ కలిపిన మిశ్రమం ఇంకో మూల.

ముందు ఆ మిశ్రమాన్ని ఒకేసారి తయారు చేసుకోండి. ట్వీన్ 80 రెండు పాళ్లు, ప్రొపిలీన్ గ్లైకాల్ ఒక పాలుతో మొదలుపెట్టొచ్చు. తొమ్మిది వయల్స్ వరుసగా పెట్టి, నూనె, మిశ్రమం మొత్తం కలిపి ఒక్కోదానిలో ఒక గ్రాము ఉండేలా తూయండి. మొదటిదాంట్లో నూనె 0.1, మిశ్రమం 0.9. రెండోదాంట్లో 0.2, 0.8. చివరిదాంట్లో 0.9, 0.1. ఒక్క గ్రామే ఎందుకంటే, నీళ్లు 90 శాతానికి చేరాలంటే తొమ్మిది గ్రాములు పోయాలి. రెండు గ్రాములతో మొదలుపెడితే పద్దెనిమిది పోయాలి, వయల్ మూత దగ్గరకు వచ్చి కలపడానికి ఖాళీ ఉండదు.

వాటర్ బాత్ 25 డిగ్రీల దగ్గర ఉంచండి. సిరంజితో 0.05 గ్రాము నీళ్లు వేసి, మూత పెట్టి, కలిపి, బుడగలు పోయేదాకా ఆగండి. పది నిమిషాలు పట్టొచ్చు. బుడగలున్న ద్రవాన్ని చూసి తెల్లబడిందని రాసేస్తే పటమంతా తప్పుతుంది. నీళ్ల శాతం లెక్క సులువే: పోసిన నీళ్లను, పోసిన నీళ్లకు ఒకటి కలిపిన మొత్తంతో భాగించాలి. 0.25 గ్రాము పోశాక 20 శాతం, ఒక గ్రాము పోశాక 50 శాతం.

మొదటి వయల్‌లో ఏం కనిపిస్తుందో దగ్గరగా చూద్దాం. మొదట్లో లేత పసుపుగా తేటగా, కాస్త చిక్కగా ఉంటుంది. నీళ్లు మూడో వంతుకు దగ్గరయ్యే కొద్దీ చిక్కబడుతూ వెళ్లి, ఒక చుక్క దగ్గర వయల్‌ను తలకిందులు చేసినా కదలదు, లోపల బుడగలు ఎక్కడివక్కడే వేలాడుతుంటాయి. దాన్ని ఒకదానికొకటి అడ్డంగా తిప్పిన రెండు పోలరైజర్ల మధ్య పెట్టి వెలుగుకు ఎదురుగా చూడండి. మెరుపు కనిపిస్తే లిక్విడ్ క్రిస్టల్, అంటే సర్ఫాక్టెంట్ వరుసలు కట్టి కూర్చుంది. మైక్రోఎమల్షన్ అయితే పోలరైజర్ల మధ్య నల్లగానే ఉంటుంది. అయితే ఒక రకం ఘనాకార జెల్ కూడా నల్లగానే కనిపిస్తుంది, అందుకే పారుతుందా లేదా అన్నది విడిగా రాసుకోవాలి. ఇంకా నీళ్లు పోస్తే జెల్ కరిగి మళ్లీ పలచబడుతుంది. అక్కడ వచ్చేది తేటా తెలుపా అన్నదే అసలు ప్రశ్న.

నల్ల అట్ట ముందు పట్టుకుంటే సన్నటి నీలి ఛాయ, వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే నారింజ ఛాయ కనిపిస్తే బిందువులు పెరుగుతున్నాయన్నమాట. నీలం ఇంకా ప్రమాదం కాదు, ప్రమాదానికి ముందు వచ్చే కబురు. ప్రతి చుక్క తర్వాత నాలుగు మాటల్లో ఒకటి రాస్తాను: తేట, జెల్, నీలం, తెలుపు.

ఒక్కోసారి ద్రవం తేటగానే ఉంటుంది, కానీ పైన గాజు అంచున సన్నటి నూనె వలయం కనిపిస్తుంది. విన్సర్ 1948లో చెప్పిన మొదటి రకం ఇది. మైక్రోఎమల్షన్ తనకు చాలినంత నూనె పట్టేసి మిగిలింది వదిలేసింది. వెలుతురు సరిగ్గా లేకపోతే ఈ వలయాన్ని దాటేస్తాం. నేను వయల్‌ను పక్కకు వంచి చూస్తాను.

గింజ నూనె ఒక్కదానితోనే చేస్తే తొమ్మిదింటిలో మొదటిదో, మహా అయితే రెండోదో మాత్రమే చివరిదాకా తేటగా వస్తుంది. ఏదీ రాకపోయినా కంగారు పడక్కర్లేదు. మొదట నూనె భాగంలో మూడో వంతు నుంచి సగం వరకు ఎంసీటీతోనో లిమోనిన్‌తోనో మార్చండి. అప్పటికీ రాకపోతే ట్వీన్‌కూ దాని తోడుకూ మధ్య పాళ్లు మార్చండి. అదీ కాకపోతే సర్ఫాక్టెంట్‌నే మార్చండి. ఒకేసారి రెండు మార్పులు చేయొద్దు, ఏది పనిచేసిందో తెలియదు.

పటం పూర్తయ్యాక, మొదటి చుక్క నుంచి 90 శాతం నీళ్లదాకా తెలుపు తగలకుండా వెళ్లే గీత ఏదైనా ఉంటే అదే మీ పలచన గీత. తయారీ అంతా దాని మీదే.

మెట్టు 6: అసలు బ్యాచ్

కాన్సన్‌ట్రేట్‌గా చేసుకోవడం మేలు, తర్వాత పానీయంలో కలుపుకోవచ్చు. వంద గ్రాములకు ప్రయత్నం మొదలుపెట్టే పాళ్లు ఇవి: గింజ నూనె 6, ఎంసీటీ 4, ట్వీన్ 80 అరవై, ప్రొపిలీన్ గ్లైకాల్ 30. మీ పటం ఏం చెబితే దాని ప్రకారం ఇవి జరుగుతాయి. ఒక గ్రాము కాన్సన్‌ట్రేట్‌లో ట్వీన్ 600 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషి పరిమితిలో 40 శాతం. గ్లైకాల్ 300 మిల్లీగ్రాములు, 20 శాతం. నూనె 60 మిల్లీగ్రాములు. మొదటి మెట్టులో వేసిన లెక్కతో పోల్చి చూసుకున్నాకే స్టిర్రర్ ఆన్ చేయండి.

ట్వీన్, గ్లైకాల్ కలిపి 45 డిగ్రీలకు తేండి. నూనెలో ముందే మిశ్రమ టోకోఫెరాల్స్ కరిగించి ఉంచుకుని, సన్నటి ధారగా పోస్తూ నెమ్మదిగా తిప్పండి. సుడి పడేంత వేగం వద్దు, సుడి గాలిని లోపలికి లాగుతుంది. పావుగంటలో తేటపడుతుంది. 25 డిగ్రీలకు చల్లారాక ఇంకోసారి చూడండి, వేడిలో తేటగా ఉండి చల్లబడగానే మబ్బు పట్టేవి ఉంటాయి.

నీళ్లు అయాన్లు తీసేసినవే వాడండి. మామూలు నీళ్లలోని ఇనుము లవలేశమైనా నూనెను ముక్కిపోయేలా చేస్తుంది. కాన్సన్‌ట్రేట్‌ను నీళ్లలోకి పోసి ఒకటి, నీళ్లను కాన్సన్‌ట్రేట్‌లోకి పోసి ఒకటి, రెండు చిన్న నమూనాలు చేయండి. నిజమైన మైక్రోఎమల్షన్ అయితే ఏ వరుసలో కలిపినా చివరికి ఒకటే తేట. ఒకటి తేటగా ఇంకొకటి నీలంగా వస్తే, జెల్ పూర్తిగా కరగలేదేమోనని ఒక రోజు ఆగి చూడండి. అప్పటికీ తేడా ఉంటే మీరు చేసింది నానోఎమల్షన్. తప్పేం లేదు, కానీ దాని పేరుతోనే పిలవాలి.

మెట్టు 7: నిజంగా నూనె లోపలే ఉందా

నమూనాలోంచి లేజర్ పాయింటర్ వెలుగు పోనిస్తే దాని గీత కనిపించడం వల్ల లోపల బిందువులున్నాయని తెలుస్తుందే తప్ప అందులో నూనె ఉందని తెలియదు. సైజు కొలిచే డీఎల్ఎస్ యంత్రంలో కూడా ఇదే మోసం. నూనె లేని ఉత్త ట్వీన్ మైసెల్లే (సర్ఫాక్టెంట్ అణువులు తోకలు లోపలికి పెట్టి కట్టిన గుంపు) 10 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. మీ నమూనా కూడా 10 చూపించి, నూనె పైకి తేలిపోయి ఉంటే, మీరు ఖాళీ మైసెల్లను కొలిచి పండగ చేసుకున్నట్టు. అందుకే నూనె వేయని నమూనా ఒకటి పక్కన ఎప్పుడూ ఉండాలి. నూనె పట్టిన బిందువు దానికంటే లావుగా కనిపించాలి. కొలిచే ముందు ఇష్టమొచ్చినంత పలచన చేయకండి, పలచన గీత తప్పితే కొలిచేది వేరే పదార్థాన్ని.

సెంట్రిఫ్యూజ్‌లో నిమిషానికి 3500 చుట్లతో అరగంట తిప్పి పైన వలయం వచ్చిందేమో చూడండి. మంచి నానోఎమల్షన్ కూడా ఈ పరీక్ష పాసైపోతుంది, కాబట్టి ఫెయిలైతేనే దీనికి అర్థం. నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది వేడి, చల్లదనం చక్రాలు: 4 డిగ్రీల దగ్గర రెండు రోజులు, 45 దగ్గర రెండు రోజులు, ఇలా ఆరుసార్లు. మధ్యలో మబ్బు పట్టినా ఫర్వాలేదు, 25 డిగ్రీలకు తిరిగి రాగానే కలపకుండానే తేటపడాలి.

మెట్టు 8: పానీయంలోకి

ట్వీన్‌కు విద్యుదావేశం లేదు, అందుకని పులుపుకు వెంటనే చలించదు. ఉప్పు, వేడి మాత్రం దాన్ని కదిలిస్తాయి. వేడెక్కే కొద్దీ ట్వీన్ తల చుట్టూ ఉన్న నీళ్లు వదిలిపోయి ఒక ఉష్ణోగ్రత దగ్గర ద్రవం మసకబారుతుంది. దీన్ని క్లౌడ్ పాయింట్ అంటారు. ట్వీన్ 80 ఒక్కదానికి ఇది 90 డిగ్రీలు దాటి ఉంటుంది, ఉప్పు కలిస్తే దిగుతుంది, నూనె పట్టాక కూడా మారుతుంది. 72 డిగ్రీల దగ్గర 15 సెకన్ల పాశ్చరైజేషన్ చేయాలనుకుంటే, అసలు పానీయంతోనే ఒక టెస్ట్ ట్యూబ్ వేడి చేసి ఎక్కడ మసకబారుతుందో ముందే చూసుకోండి.

ఎవరూ ముందుగా చెప్పని చిక్కు ఇంకొకటి ఉంది. మైసెల్ మీ నూనెనే కాక, నూనెను ఇష్టపడే దేన్నైనా లోపలికి లాక్కుంటుంది. పానీయంలోని సువాసన సగం పోయినట్టుంటుంది. బెంజోయిక్, సోర్బిక్ ఆమ్లాల్లో కొంత భాగం కూడా లోపలికి వెళ్లిపోయి సూక్ష్మజీవుల మీద పనిచేయడానికి తక్కువ మిగులుతుంది. నిల్వ పరీక్ష మైక్రోఎమల్షన్ కలిపిన పానీయంతోనే చేయించాలి, అది లేని పానీయం ఫలితం పనికిరాదు.

ముక్కిపోవడం

సీసా ఏడాది పాటు తేటగా ఉండి లోపల నూనె మూడు వారాలకే పాడైపోవచ్చు. తేట భౌతికమైంది, ముక్కిపోవడం రసాయనికం, వీటికి పరస్పరం సంబంధం లేదు. అవిసె నూనెలో మూడు ద్విబంధాలున్న ఆమ్లం సగానికి పైగా ఉంటుంది. దాన్ని 325 చదరపు మీటర్ల మీద పరిచి నీళ్లలోని ఆక్సిజన్‌కు, ఇనుముకు ఎదురుగా నిలబెడుతున్నాం. దీనికి తోడు ట్వీన్ డబ్బా తెరిచి ఉంచితే దానిలోనే పెరాక్సైడ్లు పుడతాయి. కొత్త నూనె, పాత ట్వీన్ కలిపి ఒక బ్యాచ్ పాడు చేసుకున్నాక ట్వీన్ డబ్బా మీద కూడా తెరిచిన తేదీ రాయడం మొదలుపెట్టాను.

చేయాల్సినవి: సీసా నిండా నింపడం, పైన మిగిలిన ఖాళీని నైట్రోజన్‌తో తోయడం, ముదురు రంగు గాజు, చల్లటి చోటు. నిబంధన ఒప్పుకున్న చోట ఈడీటీఏ ఇనుమును కట్టేస్తుంది, లేదంటే సిట్రిక్ ఆమ్లం కొంత సాయం. పెరాక్సైడ్ విలువ కొలిచేటప్పుడు నమూనాను నేరుగా టైట్రేట్ చేస్తే సర్ఫాక్టెంట్ అడ్డుపడుతుంది, ముందు ఐసోఆక్టేన్, ఐసోప్రొపనాల్ మిశ్రమంతో నూనెను బయటికి లాగాలి. నూనెల వాళ్లకు అలవాటైన 60 డిగ్రీల ఓవెన్ పరీక్ష ఇక్కడ నేను వాడను. ఆ వేడిలో మైక్రోఎమల్షన్ నిర్మాణమే మారిపోవచ్చు. 40 డిగ్రీల దగ్గర ఉంచి వారానికోసారి కొలుస్తాను, కొలిచే ముందు వాసన చూస్తాను. పెయింట్ వాసన తగిలితే ఇక కొలవాల్సిన పని లేదు.

కొత్త డబ్బా వచ్చినప్పుడు

గింజ నూనె ఒక పంటకూ ఇంకో పంటకూ మారుతుంది. ప్రతి కొత్త డబ్బాకూ తొమ్మిది వయల్స్ మళ్లీ చేయక్కర్లేదు. మీ పలచన గీత మీద ఒకటి, దానికి అటూ ఇటూ ఒక్కొక్కటి, మొత్తం మూడు చేయండి. పాత డబ్బాతో నీలం ఎక్కడ మొదలైందో కొత్తదానితోనూ దాదాపు అక్కడే మొదలైతే వాడేయొచ్చు. పాతదానికంటే నీళ్లు ఐదు శాతం తక్కువగా ఉండగానే నీలం వచ్చిందంటే ఆమ్ల విలువ చూడండి, చాలాసార్లు కొత్తదే శుభ్రంగా ఉంటుంది. అప్పుడు ఎంసీటీ అర పాలు పెంచి, అంత గింజ నూనె తగ్గించి చూస్తాను. ట్వీన్ పెంచడం చివరి మాట, ఎందుకంటే దాన్ని పెంచిన ప్రతిసారీ మొదటి మెట్టు కాగితం బయటికి తీసి లెక్క మళ్లీ వేయాలి.